కాశీ చేసిన ఫిల్టరు

నీళ్ళు మరిగాయి, పొంగు అణిగేదాకా ఒక్క నిమిషం ఆగాలి, సలసలలాడే నీళ్ళు పోస్తే పొడి మాడి చేదెక్కుతుంది, ఈ మాట కమలకి నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, ఆవిడ విన్నదీ లేదు, నేను పొద్దున్న పూట ఈ వంటింటి గట్టు ఆవిడకి వదిలిందీ లేదు, కాఫీ వరకూ ఈ ఇంట్లో నాదే రాజ్యం. మూడు చెంచాల పొడి, అందులో ఐదో వంతు చికోరీ, చిన్న గిన్నె అడుగుతో మెత్తగా అదిమాను, గట్టిగా అదిమితే చుక్క దిగదు, వదులుగా వదిలేస్తే గోధుమరంగు నీళ్ళు జారిపోతాయి. పొడిని అదమడానికి కాడ ఉన్న బిళ్ళ ఒకటి ఉండాలి ఏ ఫిల్టరుకైనా, దీనికి లేదు, ఎప్పుడూ లేదు, లేదు కాబట్టే సంతలో చవగ్గా ఇచ్చాడని కమలతో చెప్పాను అప్పట్లో, అబద్ధం ఆడేవాడికి వివరాలు ఎంత చక్కగా కుదురుతాయో చూడండి. నీళ్ళు చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టాను. ఏడయింది. కాశీనాథ్, రుక్మిణి ఎనిమిదికి వస్తామన్నారు. డికాషన్ దిగడానికి గంట పడుతుంది. ఈ గంటలో నేను ఒక మాట చెప్పడం నేర్చుకోవాలి.

నిన్న సాయంత్రం రుక్మిణే ఫోన్ చేసింది. కాశీ భార్య నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి, ఎవరికేమైందో అనుకున్నాను. "మంచి మాటే అన్నా, మా శ్రీధర్ పటాన్‌చెరుల షెడ్డు కిరాయికి తీసుకున్నడు, మిషిన్లు గూడ వచ్చినయ్, గురువారం పూజ వెట్టుకున్నం. మొదటి స్విచ్ మీరే వెయ్యాలె" అంది. నేను నవ్వాను. కాశీ ఉండగా నేనేంటమ్మా, ఈ చుట్టుపక్కల అంతటి చెయ్యి ఎవరికుంది అన్నాను. అటువైపు తలుపు వేసిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన చెయ్యి వద్దన్నా. మీకు తెల్వనిదేముంది. దొంగతనం జేసి పట్టుబడ్డ చెయ్యి. పిల్లగాని బతుకుదెరువు అది. మీరు మచ్చ లేకుంట రిటైరయిండ్రు, మీ చెయ్యి పడితే మంచిగుంటది. ఆయన గూడ సరే అన్నడు" అంది. ఆయన కూడా సరే అన్నాడట. నేనేమన్నానో నాకు గుర్తు లేదు, రేపు రండమ్మా, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం అని ఉంటాను, ఎవరికైనా నోటికొచ్చే మాట అదేగా. రాత్రి అన్నం సయించలేదు, చారు బాగా లేదని కమల మీద ఎగిరాను, చారు శుభ్రంగానే ఉంది.

టప్. అదిగో మొదటి చుక్క. మూత తీసి చూడకూడదు, వేడి పోతుంది, చెవులతో వినాలి అంతే. "దిగిందా?" అంటోంది కమల హాల్లోంచి, కుర్చీలు లాగుతున్న చప్పుడు. ఇప్పుడేగా పోసింది, ఇదేమన్నా మునిసిపాలిటీ కొళాయా తిప్పగానే రావడానికి. పోయినేడు మా పవన్‌కుమార్ కరెంటు మెషీన్ ఒకటి తెచ్చిపెట్టాడు, బటన్ నొక్కితే రెండు నిమిషాలు నాన్నా, ఈ గంటసేపు కాపలా ఎందుకు అని. అది అటక మీద అట్టపెట్టెలోనే ఉంది, వాడు వచ్చినప్పుడల్లా పైకి చూసి మొహం ముడుచుకుంటాడు. వాడికి ఏం చెప్పను. ఈ గంట నాకు నేను వేసుకున్న శిక్షరా అంటే నవ్వుతాడు, నవ్వాలి కూడా, శిక్ష అని అంత పెద్ద మాట దేనికి, చివర్లో గ్లాసు నిండా చిక్కటి కాఫీ తాగుతున్నానా లేదా, ఏ జైల్లో ఇస్తారట అలాంటి శిక్ష.

మా అమ్మ పాలకొల్లు నుంచి ఇచ్చి పంపిన ఇత్తడి ఫిల్టరు అడుగు పోయిన ఎండాకాలం అది, తొంభై ఏడు. రెండుసార్లు మాటు వేయించాం, మూడోసారి మాటు వేసేవాడే వద్దు సార్ పారెయ్యండి అన్నాడు. పొద్దున్నే ఆ టీ నీళ్ళు తాగలేక చస్తున్నానండీ అని కమల సతాయింపు. అదే మాట ఫ్యాక్టరీలో భోజనాల దగ్గర కాశీతో అన్నాను, ఊరికే అన్నాను, కాదు, ఊరికే కాదు, ఊరికే అన్నానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను గానీ వాడు ఏమంటాడో తెలిసే అన్నాను. "బజార్ల దొర్కదా?" అన్నాడు. దొరుకుతాయి గానీ చిల్లులు లావురా, పొడంతా కిందికి దిగుతుంది అన్నాను. "పొడి ఎంత సన్నగుంటది? జెర తీస్కరా, సూస్త" అన్నాడు. మర్నాడు పొట్లం కట్టి తీసుకెళ్ళాను. సంగారెడ్డిలో కిరాణా దుకాణం ఇంట పుట్టి, తండ్రి మాట కాదని మా ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌కి వచ్చిన వాడు, పుట్టి బుద్ధెరిగి కాఫీ తాగలేదు, ఆ పొడిని బొటనవేలు చూపుడువేలు మధ్య నలిపి, భూతద్దం కింద పెట్టి చూసి, సైజు చీటీ మీద రాసుకున్నాడు. కాఫీ పొడికి కొలత తీసినవాణ్ణి నేను వాడినే చూశాను.

అప్పట్లో అందరూ చేసేవాళ్ళు, అది దొంగతనమని ఎవరమూ అనుకోలేదు, ఇంటి జాబు అనేవాళ్ళం, స్క్రాప్‌లో పారేసిన ముక్క, భోజనం వేళ ఖాళీగా ఉన్న మిషను, మన చెయ్యి, ఇంక దొంగతనం ఎక్కడిది. చపాతీ పీటలు, స్టవ్వు కింద స్టాండ్లు, ఒకాయన కూతురి పెళ్ళికి అప్పడాల చట్రమే తీసుకెళ్ళాడు. కాశీ పదకొండు రోజులు కూర్చున్నాడు దాని మీద. స్టీలు మొండిది, మధ్యలో చెయ్యి ఆపితే బిరుసెక్కి డ్రిల్లు విరిచేస్తుంది, అదేమో అగరుబత్తి పుల్లంత కూడా లావు లేని డ్రిల్లు, ఒకే ఒత్తిడితో ఊపిరి బిగబట్టి దించాలి, ఒక చిల్లు, ఇంకో చిల్లు, మూడువందల పైచిలుకు. మూడు డ్రిల్లులు విరిగాయి. వాడి రొట్టెలు చల్లారిపోతుంటే పక్కన కూర్చుని నేను నా పెరుగన్నం తిన్నాను. తొందరేం లేదురా అనేవాణ్ణి, తొందరగా అవుతోందా లేదా అని రోజూ తొంగి చూసేవాణ్ణి.

టప్, టప్, ఇప్పుడు కాస్త జోరందుకుంది. పాలు పెట్టాలి, అప్పుడే కాదు, వాళ్ళు గుమ్మంలోకి వచ్చాక పెట్టాలి, మళ్ళీ వేడి చేసిన పాలతో కాఫీ ఇస్తే దానికంటే అవమానం లేదు. ఏమని మొదలుపెట్టాలి. అమ్మా రుక్మిణీ, నీకొక సంగతి చెప్పాలి. ఛ, సినిమా డైలాగులా ఉంది. చెల్లెమ్మా, ఆ రోజు జరిగింది ఏంటంటే. ఏంటంటే అని మొదలుపెడితే నా నోరు నాకు తెలుసు, ఏంటంటే దగ్గర్నుంచి ఎటో వెళ్ళిపోతుంది, వానల మీదికి, పింఛన్ల మీదికి, బీరంగూడ ట్రాఫిక్ మీదికి. ఒక్క ముక్కలో అనెయ్యాలి. ఆ ఫిల్టరు నాది. మూడు మాటలు. గట్టు దగ్గర నిలబడి పైకే అన్నాను, ఆ ఫిల్టరు నాది. "మీది కాక ఎవరిదండీ, నన్ను ముట్టుకోనిస్తారా మీరు?" అంది కమల అవతల నుంచి.

కింది గిన్నె నేనే తెచ్చుకున్నాను, క్యారియర్ గిన్నెల్లో కలిసిపోయింది, గేటు దగ్గర ఎవరూ అడగలేదు. చిల్లుల గిన్నె కాశీ తెచ్చాడు, నేను తెస్తాలే అనలేదు, మర్నాడు వాడు గేటు దాటించి ఇచ్చే దాకా బస్టాపులో నిలబడ్డాను. మిగిలింది బిళ్ళ. శనివారం. సాయంత్రం షిఫ్టు వదిలారు, గేటు దగ్గర వరస, కాశీ ముందు, వాడి వెనక ముగ్గురు, వాళ్ళ వెనక నేను. కొత్తగా వచ్చిన గార్డు, పాతవాళ్ళైతే మొహం చూసి పొమ్మనేవాళ్ళు, వీడు అందరి డబ్బాలూ తెరిపిస్తున్నాడు. కాశీ డబ్బాలో మిగిలిన రొట్టె. గార్డు పుల్లతో రొట్టె ఎత్తాడు. బిళ్ళ తళుక్కుమంది, అంత నున్నగా మెరుగు పెట్టాడు మరి, ఎవడు చెప్పాడు అంత మెరుగు పెట్టమని. ఇది ఏంది అన్నాడు గార్డు. నేను ఆ వరసలో వాడి వెనక నాలుగో వాణ్ణి, నాలుగు అడుగులు వేస్తే అయిపోయేది, నాదండీ అంటే అయిపోయేది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. కాశీ వెనక్కి తిరగలేదు. తిరిగి ఒక్కసారి నా మొహం చూసి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణేమో అని చాలా ఏళ్ళు వాడి మీదే నెపం వేశాను, చూశారా నా బుద్ధి.

ఆ నెలలోనే నాకు ఫోర్‌మన్ ఇంటర్వ్యూ. అదీ సంగతి, అంతకు మించి ఏమీ లేదు, పెద్ద భయాలూ లేవు, గన్ను పెట్టి ఎవరూ బెదిరించలేదు, ఇంటర్వ్యూ ఉంది అంతే. ఎంక్వైరీలో ఇది ఎవరి కోసం చేశావయ్యా అని కాశీని అడిగారు. "నాకోసమే సార్. మా ఇంట్ల కాఫీ తాగుతం" అన్నాడు. సెక్షన్‌లో సీనియర్‌ని కాబట్టి నన్నూ పిలిచారు, ఈ వస్తువు గురించి నీకేమైనా తెలుసా అన్నారు, నాకు తెలియదు అని రాసి సంతకం పెట్టాను, నా సంతకం బాగుంటుంది, అందరూ మెచ్చుకుంటారు. ఉద్యోగం తియ్యలేదు, అదే గొప్ప అన్నారు అంతా. టూల్‌రూమ్ నుంచి తీసి కాస్టింగ్ యార్డులో పడేశారు. వెంట్రుకవాసి తేడాని వేలికొసతో పట్టేవాడు పంతొమ్మిదేళ్ళు ఎండలో క్రేన్ కొక్కేలు తగిలించాడు. మళ్ళీ మిషను ముట్టుకోనివ్వలేదు. రిటైరయ్యాక బావమరిది దుకాణంలో కూర్చుందామని వెళ్తే అక్కడ తక్కెడ ముట్టుకోనివ్వలేదట, బావ నువ్వు కుర్చీల కూసో, మాట్లాడుకుంట ఉండు చాలు అన్నారట. ఇప్పుడు కొడుకు షెడ్డులో స్విచ్చు కూడా.

ఒక్కసారే అన్నాడు వాడు నాతో, యార్డుకి మారిన వారం తర్వాత, బస్సులో. "నీకు ప్రమోషన్ ఉండె గద రాజన్నా, ఇద్దరం మునిగి ఏం జేస్తం" అని కిటికీలోంచి బయటికి చూశాడు. నేను వాడి టికెట్ కూడా తీశాను, అదొక్కటే నేను చేసింది. ఆ తర్వాత ఏడాదికి వాళ్ళింటికి సంగారెడ్డి వెళ్తే వంటింట్లో కొత్త ఫిల్టరు, బజారుది. కాశీ గ్లాసులో కాఫీ పట్టుకుని మందు తాగినట్టు తాగుతున్నాడు. ఇదేంట్రా అంటే గొంతు తగ్గించి, "ఎంక్వైరీల చెప్పిన గద, మా ఇంట్ల తాగుతమని. రుక్కు అడుగుతనే ఉన్నది, మనం ఎన్నడు తాగినం అని. తాగకుంటె ఎట్ల?" అన్నాడు. నా పరువు కోసం ఒక మనిషి నాలుక మార్చుకున్నాడు. అప్పుడైనా చెప్పాలి కదా, అక్కడే, ఆ వంటింట్లోనే, ఆవిడ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. డికాషన్ పల్చగా ఉందిరా, పొడి ఇంకో చెంచా వెయ్యి అని వాడికి సలహా చెప్పి వచ్చాను. అవును, సలహా చెప్పాను. చెప్పుచ్చుకు కొట్టాలి నన్ను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత చెప్పినా పోతుందా, దానికేమైనా గడువుందా. పాపం పోనక్కర్లేదు, నాతోనే ఉండనీ, గురువారం కాశీ చెయ్యి ఆ స్విచ్చు మీద పడితే చాలు. తండ్రి చెయ్యి అది. ఆ కుర్రాడికి లేత్ పట్టుకోవడం నేర్పింది ఆ చెయ్యే. నేను చెప్పాలి, కమల ముందు చెప్పాలి, సంతలో కొన్నానన్న ఫిల్టరు సంతది కాదని ఇదే రోజు తెలుస్తుంది ఆవిడకి, తెలియనీ. పాపం కాశీ అన్నయ్య గారు మంచివారనుకున్నామండీ, ఇలాంటి పని చేశారేంటి అని అప్పట్లో ఆవిడ బుగ్గలు నొక్కుకుంటే, ఎవరి బుద్ధి ఎలా ఉంటుందో చెప్పలేం కమలా అన్నవాణ్ణి నేను. ఇంకో పావుగంట. కింది గిన్నె తీసి చూశాను, చిక్కగా, నల్లగా, సగానికి వచ్చింది, పొడి నలుసు ఒక్కటి లేదు, ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా నలుసు కిందికి దిగలేదు.

ఆటో ఆగిన చప్పుడు. కమల గబగబా తలుపు తీసింది, రండి వదిన గారూ, రండన్నయ్య గారూ. నేను పాలు పొయ్యి మీద పెట్టాను. గిన్నె పట్టుకారుతో పట్టుకున్నాను. కుడి భుజం జారిపోయిన కాశీ, తెల్లచొక్కా, "బాగున్నవా రాజన్నా" అన్నాడు వంటింటి వైపు చూసి. బాగున్నానురా అన్నాను. నాలుగు గ్లాసులు, పాలు పొంగగానే దించి, నురగ వచ్చేదాకా తిరగపోసి, పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళేసరికి రుక్మిణి కమలకి బొట్టు పెట్టి కార్డు చేతికిస్తోంది. కార్డు మీద నా పేరు అప్పటికే అచ్చయింది, శ్రీ నరసరాజు గారి అమృత హస్తములతో. కాశీ పేరు కింద చిన్న అక్షరాల్లో, ఆహ్వానించువారు అన్న చోట.

"రుక్మిణమ్మా, ఒక్క మాట" అన్నాను. కూర్చోలేదు, కూర్చుంటే లేవలేనని తెలుసు. "ఆ రోజు గేటు దగ్గర దొరికింది కాశీది కాదమ్మా. ఆ ఫిల్టరు నాది. నేను అడిగితే నాకోసం చేశాడు. నేను వెనకాలే ఉన్నాను, నోరు విప్పలేదు. స్విచ్చు వాడే వెయ్యాలి."

అనేశాను. మొత్తం అనేశాను, ఎక్కడా తప్పిపోలేదు. కాశీ గ్లాసులోకి చూస్తున్నాడు. రుక్మిణి నన్ను చూసింది, కళ్ళు తడయ్యాయి, కొంగుతో ఒత్తుకుంది, తర్వాత నవ్వింది.

"ఊకో అన్నా. నేనేమన్న చిన్నపిల్లనా? ఆయనతోని స్విచ్ ఏయించాలని గద మీ పరేషానంత. గందుకని తప్పు మీ మీదేసుకుంటరా? మా ఇంట్ల రోజు పొద్దుగాల లేస్తె ఫిల్టర్ ముందల కూసునేది ఎవరు? కాఫీ లేకుంటె పానం పోయినట్టు జేసేది ఎవరు? ఇరవై ఎనిమిదేండ్ల సంది నేను జూస్తలేనా?" భర్త వైపు తిరిగింది. "సూసినవా, దోస్తంటె గిట్లుండాలె. నీ మచ్చ తీసి తన చెయ్యికి రాసుకుంటుండు."

"ఆయనంతేనండీ వదిన గారూ, తన వాళ్ళని ఒక్క మాట పడనివ్వరు" అంది కమల. నా వైపు చూసింది. పెళ్ళయిన కొత్తలో చూసిన చూపు, నేనే మర్చిపోయాను అలా కూడా చూస్తుందని.

కాశీ తలెత్తాడు. కోపం లేదు, బతిమాలడమూ లేదు, టూల్‌రూమ్‌లో పని పూర్తి చేసి చెక్ చేసుకొమ్మని నా చేతికిచ్చి నిలబడేవాడే, అలా నిలబెట్టాడు చూపు. ఇంకొక్క మాట చాలు. కాదమ్మా, నిజంగానే, లోపలుంది చూపిస్తాను రా అంటే చాలు, వంటిల్లు పది అడుగులు. గేటు దగ్గర నాలుగే అడుగులు. నోరు తెరిచాను. కమల ఇంకా అలాగే చూస్తోంది. కార్డు టీపాయ్ మీద ఉంది, నా పేరు పైకి ఉంది. నేను చెప్పానుగా, చెప్పలేదని ఎవరనగలరు, నమ్మకపోతే నేనేం చేసేది. ఇలా అనుకున్నాను, అనుకుంటుండగానే కాశీ చూపు దించేశాడు. కాఫీ రెండు గుక్కల్లో తాగి గ్లాసు కింద పెట్టి, "మంచిగున్నది" అన్నాడు ఎవరితోనో.

"గందుకే అన్నా, మీ చెయ్యే పడాలె" అంది రుక్మిణి.

"ఎన్ని గంటలకి రావాలమ్మా?" అన్నాను.